చెరువు పక్కన ఇల్లు, చేతిలో గాలం: శామీర్‌పేట వైపు మారొచ్చా?

గాలం_మూర్తి: వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నా. దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాట్ అమ్మేసి శామీర్‌పేట అవతల ఒక కొత్త గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు తీసుకుందామని ఉంది. రింగ్ రోడ్డు దగ్గరే. నన్ను లాగింది మాత్రం పక్కనున్న చెరువు. బొచ్చె, రవ్వ బాగా పడతాయని, అదృష్టం ఉంటే కొర్రమీను కూడా దొరుకుతుందని సైట్ ఆఫీసువాళ్లు చెప్పారు. మా ఆవిడ వద్దంటోంది. ఏమంటారు?

కూకట్‌పల్లి_కుర్రాడు: గండిపేట వైపు చూడొచ్చుగా సార్?

గాలం_మూర్తి: అక్కడ 1996 నుంచి 111 జీవో గొడవ, చెరువు చుట్టుపక్కల కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన ఉత్తర్వు అది. ఈ వయసులో ఆ టెన్షన్ ఎందుకు?

ఎఫ్‌టీఎల్_శాస్త్రి: చేపల సంగతి తర్వాత. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూశారా? 25 ఎకరాలు దాటిన చెరువైతే ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. ఎండాకాలంలో సైట్ చూసి 'చెరువు దూరంగానే ఉంది' అనుకుంటారు. మా బావమరిది అలాగే కొన్నాడు. గోడ పోయింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక కూడా జనం ఇలాగే కొంటున్నారు!

గాలం_మూర్తి: హైడ్రా పరిధి రింగ్ రోడ్డు దాకానే. మాది బయట. పైగా కాగితాలు బ్యాంకు చూసింది. నేనడిగింది చేపల గురించి.

ఎఫ్‌టీఎల్_శాస్త్రి: రింగ్ రోడ్డు దాటితే నీళ్లు పైకి ఎక్కడం మానేస్తాయా? 30 మీటర్లు. అది తేల్చండి.

మణికొండ_మాధవి: మాకూ లేక్ వ్యూ అనే అమ్మారు. ఇప్పుడు చెరువు నిండా గుర్రపుడెక్క. చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ల మురుగంతా అందులోకే. సాయంత్రమైతే దోమలకి కిటికీలు మూసేస్తాం. ఆ నీళ్లలో పెరిగిన చేప నేనైతే వండను.

ఎఫ్‌టీఎల్_శాస్త్రి: గుర్రపుడెక్క తీసేయొచ్చు మేడమ్. బఫర్ తీసేయలేం.

చెరువుగట్టు_యాదగిరి: అందరూ మాట్లాడుతున్నారు గానీ ఒక్కరూ అడగలేదు. ఆ చేపలు ఎవరివి సార్? మా నాన్న మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. చెరువులో చేప పట్టే హక్కు సంఘానిది. 2016-17 నుంచి సర్కారు చేపపిల్లలు ఉచితంగా ఇస్తున్న మాట నిజమే, కానీ రాత్రుళ్లు కాపలా కాసేది మేము. ఎండాకాలం నీళ్లు తగ్గాక వల వేస్తాం. అదే మాకు ఏడాది పంట.

గాలం_మూర్తి: ఒక్క గాలంతో మీ పంట తగ్గిపోతుందా? చెరువు ప్రభుత్వానిది, అంటే అందరిదీ.

చెరువుగట్టు_యాదగిరి: ఒక్కరే వస్తారని ఎవరు చెప్పారు? మీకు చెప్పిన మాటే అక్కడ కొన్న ప్రతి ఇంటికీ చెప్పి ఉంటారు.

గాలం_మూర్తి: ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి దాచుకున్న డబ్బుతో కొంటున్నా, ఎవరి సొమ్మూ దోచుకోవడం లేదు. మా తాత నల్గొండలో మా ఊరి చెరువులో రోజూ గాలం వేసేవాడు. ఒక్కడూ ఏమీ అనలేదు.

చెరువుగట్టు_యాదగిరి: మీ తాత ఆ ఊరివాడు. అందుకే అనలేదు. మీరు ఊళ్లోకి రావడం లేదు కదా, గోడ లోపలికి వస్తున్నారు. మా పక్క ఊళ్లో ఇలాంటి కమ్యూనిటీయే కట్ట మీదికి పోయే బండ్ల బాటకు అడ్డంగా గోడ కట్టింది. థర్మాకోల్ తెప్పలు నెత్తిన పెట్టుకొని చుట్టూ తిరిగి పోతున్నాం. గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని ఎవరని అడుగుతాడు. మీరు మాత్రం వెనక గేటు తీసుకొని నేరుగా నీళ్లలో గాలం వేస్తారు.

మణికొండ_మాధవి: మా దగ్గరా అంతే. కూరగాయలమ్మకి కూడా ఎంట్రీ పాస్ కావాలి.

గాలం_మూర్తి: ఆ గోడ నేను కట్టించానా? సరే, సంఘానికి ఏదో రుసుం కట్టి పట్టుకుంటా. ఒప్పుకుంటారా?

చెరువుగట్టు_యాదగిరి: అది నేను చెప్పే మాట కాదు, సంఘం కూర్చొని చెప్పాలి. వల వేసే రోజు గట్టు మీదికి రండి, చేప కొనండి, నలుగురితో మాట్లాడండి. ఇంకోటి, కొర్రమీను పిండికి పడదు. బతికున్న కప్పపిల్లని కట్టాలి. సైట్ ఆఫీసువాళ్లకి అది కూడా తెలిసి ఉండదు.

కూకట్‌పల్లి_కుర్రాడు: చేపలు పెంచి, డబ్బు తీసుకొని గాలం వేయనిచ్చే ప్రైవేటు చెరువులు ఉన్నాయి సార్. ఇల్లు మారకుండానే పని అయిపోతుంది.

ఎఫ్‌టీఎల్_శాస్త్రి: యాదగిరి గారూ, ఆ గోడకీ నీళ్లకీ మధ్య ఎంత దూరం? అడుగుల్లో కాదు, మీటర్లలో చెప్పండి.