35 అంగుళాల టైర్లకు 4.56 గేర్లా, 4.88 గేర్లా?

నాది 2013 జీప్ రాంగ్లర్. 3.6 లీటర్ ఇంజన్, 5 స్పీడ్ ఆటోమేటిక్, యాక్సిల్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో; పైన అడిగిన 4.56, 4.88 ఇవే) 3.21. ముందు డానా 30 యాక్సిల్, వెనక డానా 44. 29 అంగుళాల టైర్లు తీసేసి 35 వేశాక బండిలో పికప్ పోయింది. డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ వైపు ఎక్కేటప్పుడు (11 వేల అడుగుల ఎత్తు, ఇంజన్‌కి అసలే ఊపిరాడదు) గంటకు 60 మైళ్ల వేగంలో గేరు 4కీ 3కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. ఐదో గేరు పేరుకే.

కంప్యూటర్‌లో టైరు సైజు సరిచేశాను, స్పీడోమీటర్ జీపీఎస్‌తో కలిసింది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, తేడా లేదు. మూడో గేర్‌లోనే పట్టి నడిపితే ఊగడం ఆగింది గానీ గేర్‌బాక్స్ ఆయిల్ 225 ఫారెన్‌హీట్ దాటుతోంది.

పాత పికప్ రావడానికి లెక్కప్రకారం 3.87 రేషియో చాలు. కానీ 3.21 పాత టైర్లకే చాలేది కాదు. గేర్‌బాక్స్‌లో ఐదో గేరు రేషియో 0.83 కాబట్టి 70 మైళ్ల వేగంలో 4.56తో సుమారు 2,550, 4.88తో 2,720 ఆర్‌పీఎం వస్తుంది. 4.88కి పినియన్ (యాక్సిల్‌లోని చిన్న గేరు) ఇంకా చిన్నదవుతుంది, డానా 30లో అది విరుగుతుందేమోనని నా టెన్షన్. రోజూ హైవే, నెలకు రెండుసార్లు రాళ్ల దారి.

ఇదే ఇంజన్, ఇదే గేర్‌బాక్స్‌తో 35 టైర్లు నడిపేవాళ్లు చెప్పండి: ఘాట్‌లో 4.56 సరిపోతోందా, 4.88 వేయాల్సిందేనా?