మంచుకాలంలో కోళ్ళ గూడు మూసెయ్యాలా, తెరిచి ఉంచాలా?

లంకలో_పెట్టలు:
మాది పి.గన్నవరం దగ్గర లంక. పెరట్లో పదకొండు నాటు పెట్టలు, రెండు పుంజులు ఉన్నాయి. ధనుర్మాసం వచ్చిన దగ్గర్నుంచి తెల్లారేసరికి ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు కూడా కనపడనంత మంచు. కోళ్ళు ఈకలు ఉబ్బించుకుని ఒక మూలన ముడుచుకుంటున్నాయి. గూడు చుట్టూ బరకం కట్టి, లోపల వంద వాట్ల బల్బు పెట్టమంటారు మా అత్తగారు. గాలాడకపోతే చస్తాయంటారు మా ఆయన. రోజూ ఇదే గొడవ. ఎవరి మాట వినాలి?

తణుకు_తమ్ముడు:
అత్తగారి మాటే వినండి అక్కా. మా నాన్న ముప్పై ఏళ్ళుగా పుంజులు పెంచుతున్నారు. మంచు తగిలితే గురక పట్టేస్తుంది. సాయంత్రం 6 అయ్యేసరికి గోనెపట్టాలు దించెయ్యడమే. పొద్దున్న ముట్టుకుంటే పుంజు ఒళ్ళు వెచ్చగా ఉండాలండి, ఆయ్!

డాబామీద_కోళ్ళు:
పుంజు ఒళ్ళు ఎప్పుడు ముట్టుకున్నా వెచ్చగానే ఉంటుంది తమ్ముడూ. దాని ఒంటి వేడే 41 డిగ్రీలు. చలికి ఈకలు ఉబ్బించడం జబ్బేం కాదు. ఈకల మధ్య గాలి నిలిచి దుప్పటిలా పనిచేస్తుంది. ఎండెక్కాక కూడా అలాగే కళ్ళు మూసుకుని, మేతకి రాకుండా ఉంటే అప్పుడు టెన్షన్ పడాలి.

మా చెల్లెలు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటుంది. సున్నాకి 20 డిగ్రీలు కిందకి పోయినా పెద్ద కోళ్ళకి హీటర్ పెట్టదు. గూడు పైభాగాన మాత్రం గాలి పోయే దారి వదిలింది. లోపల చెమ్మ నిలిచిపోతే ఆ చలికి తురాయి కొసలు గడ్డకట్టి నల్లబడతాయట. మనది అంత చలి కాదు, కానీ చెమ్మ మాత్రం మనకే ఎక్కువ.

నేను చేసిన ఘనకార్యం చెప్తా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడు జల్లు కొడుతోందని నాలుగు వైపులా బరకం బిగించి మూడు రాత్రులు అలాగే ఉంచేశాను. నాలుగో రోజు తెరిచి చూస్తే బరకం లోపలి వైపు నీటిబొట్లు వరసకట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ జారి కింద పెట్ట వీపు మీద పడుతోంది. ఊకంతా ముద్ద. ఆ రెట్ట ఘాటుకి నా కళ్ళే మండాయి, రాత్రంతా పీల్చినవాటి సంగతి ఏం చెప్పను? ఆ వారంలో ఆరింటికి ముక్కులు కారి మొహాలు వాచాయి. రెండు పోయాయి. చలి కాదు, నేనే చంపుకున్నాను.

రాజోలు_రైతు:
మొహం వాచిందంటే కొరైజా అయ్యుంటుందండి. అది అంటురోగం. తప్పంతా బరకం మీద తోసేస్తే నేనొప్పుకోను. అయినా తెరిచిపెట్టమంటున్నారు, ముంగిస మాటేంటి? మా వీధిలో ఒక్క రాత్రే ఏడు కోళ్ళ గొంతులు కొరికేసింది. కాలవగట్టు వెంట బావురుపిల్లి తిరుగుతోంది. మీది డాబా కాబట్టి మీకేం!

డాబామీద_కోళ్ళు:
కొరైజాయే కావచ్చు, కాదనను. కానీ ఆ ఘాటుకి ముక్కూ గొంతూ దెబ్బతిన్నాక ఏ రోగమైనా తేలిగ్గా ఎక్కుతుంది. ముంగిసకి మందు బరకం కాదు, అరంగుళం కన్నున్న వెల్డ్ మెష్. పల్చటి కోళ్ళ జాలీని కుక్క లాగితే ఊడొస్తుంది. బరకం కొరుక్కుని లోపలికి దూరడం ముంగిసకి పెద్ద పనా?

తణుకు_తమ్ముడు:
సరే, మరి బల్బు? పోయినేడాది ఇంక్యుబేటర్ పిల్లలకి పెట్టాం, బానే పనిచేసింది.

అమ్మమ్మ_పెరడు:
పిల్లలకి పెట్టాలి బాబూ, పెద్దవాటికి అక్కర్లేదు. తల్లి ఉంటే గంప కింద దాని రెక్కలే చాలు. తల్లి లేని పిల్లలకి మొదటి వారం 35 డిగ్రీలు కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటర్ లేకపోతే పిల్లల్ని చూడు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి. దూరంగా పోయి నోళ్ళు తెరిస్తే వేడెక్కువైనట్టు. ఎల్‌ఈడీ బల్బు పెట్టి వేడి రావట్లేదని మా మనవడు రెండు రోజులు తల పట్టుకున్నాడు! పాత రకం బల్బే కావాలి. అది ఊకలో పడిందా, గూడంతా అంటుకుంటుంది. గొలుసుతో గట్టిగా కట్టండి. కుంపటి మాత్రం వద్దు, మూసిన గూట్లో బొగ్గు పొగ ప్రాణం తీస్తుంది.

రాజోలు_రైతు:
అమ్మమ్మ గారి మాటకి ఎదురు లేదు. ఒకటి కలుపుతాను. పెద్దకోళ్ళకి ఊక నాలుగంగుళాల మందం పోసి, వారానికి రెండుసార్లు తిరగెయ్యండి. తడిసిన చోట తీసి పొడి ఊక వెయ్యండి. కొక్కెర తెగులుకి టీకా వేయించకుండా బరకాల గురించి కొట్టుకోవడం దండగ. పిల్లలకి మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క, ఎనిమిది వారాలకి ఆర్ టు బి అనే టీకా సూది.

తణుకు_తమ్ముడు:
మెష్ మాట మాత్రం ఒప్పుకుంటానండి. 2025 ఫిబ్రవరిలో మా పక్కన వేల్పూరు ఫారంలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి కొంగల్ని చూస్తేనే భయం. పైకప్పుకి కూడా మెష్ కొట్టిస్తున్నాం. పట్టాలు మాత్రం దించుతాం, మా నాన్న వినరు.

లంకలో_పెట్టలు:
అందరికీ థాంక్సండి. ఉత్తరం, తూర్పు వైపులే బరకం కట్టి, పైన జానెడు సందు వదిలాం. బల్బు తీసేశాం. రాత్రి 9 గంటలకి అత్తగారు టార్చిలైటు వేసుకుని వెళ్ళి ఆ సందులో గోతాం కుక్కి వచ్చారు. పొద్దున్నే నేను లాగేశాను. ఈ రాత్రికి మళ్ళీ ఏం కుక్కుతారో చూడాలి.