పవర్ వీల్‌చైర్ కుషన్‌కు బిల్లు ఎలా రాయించాలి?

లెక్కల మాస్టారు, తిరుపతి:
మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిని మా అబ్బాయి మంచాన పడి నాలుగేళ్లయింది. కుడి చెయ్యి కొంచెం ఆడుతుంది, జాయ్‌స్టిక్‌కు అది చాలు. ఈ మధ్య పవర్ వీల్‌చైర్ కొన్నాం. దానితో వచ్చిన స్పాంజి సీటు మీద మూడు వారాలు కూర్చున్నాడో లేదో, పిరుదు ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ తేలింది. వేలితో నొక్కినా తెల్లబడదు, అంటే ఒత్తిడి పుండు మొదలైనట్టే. అక్కడ వాడికి స్పర్శ లేదు, నొప్పి తెలియదు. ఒళ్లు తుడుస్తూ మా ఆవిడ చూసింది కాబట్టి సరిపోయింది. గాలి కుషన్, నడుముకు రెండు పక్కలా సపోర్టులు, హెడ్‌రెస్ట్ ఉండి తీరాలన్నారు ఫిజియోథెరపిస్టు.

కుషన్ ఒక్కటే 28,000, పన్ను అదనం. దుకాణంవాళ్లు ‘కుషన్ – 1’ అని రాసి 18 శాతం జీఎస్టీ వేశారు. ఇన్సూరెన్స్‌కు పంపితే ‘సౌకర్యం కోసం కొన్న వస్తువు’ అని రెండు వాక్యాలతో తిప్పికొట్టారు. సౌకర్యమట! సోఫా మీద దిండు అనుకున్నారేమో. అదే పుండు ముదిరి ఆపరేషన్ దాకా పోతే ఆసుపత్రి ఖర్చు కడతారట. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ లెక్క మాత్రం కొరుకుడు పడలేదు. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం వారి అడిప్ పథకానికి పోదామంటే నా పింఛను వాళ్ల పరిమితి నెలకు 30,000 దాటుతుంది. సపోర్టులు, హెడ్‌రెస్ట్ ఇంకా కొనాలి. వాటికైనా బిల్లు సరిగ్గా ఎలా రాయించుకోవాలో చెప్పగలరా?

రాత్రి షిఫ్టు:
నమస్కారం మాస్టారూ. నేనూ తిరుపతిలోనే ఉంటాను, రాత్రిళ్లు అమెరికా బిల్లింగ్ పని. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో కుర్చీ వేరు, సీటు వేరు. చర్మాన్ని కాపాడే కుషన్‌కు ఇ2603, హెడ్‌రెస్ట్‌కు ఇ0955, సీటు మొత్తాన్ని వెనక్కి ఒరిగించే మోటారుకు ఇ1002, ఇలా దేని కోడ్ దానిదే. పుండు ఎక్కడ, స్పర్శ ఉందా లేదా అన్న డాక్టరు నోటు జతపడకపోతే పైసా రాలదు. అన్నీ కుదిరినా ఇచ్చేది 80 శాతమే.

మనకు ఆ కోడ్‌లు లేవు గానీ వస్తువు ఏ రకమో చెప్పే జీఎస్టీ కోడ్ ఉంది, దాన్నే హెచ్‌ఎస్‌ఎన్ అంటారు. మీ బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ గడి చూడండి. 9404 అని ఉంటే పరుపులు, దిండ్ల కింద కొట్టేశారన్నమాట. వీల్‌చైర్‌ది 8713, దాని విడిభాగాలు, ఉపకరణాలది 8714 20. 2019 జనవరి నుంచి విడిభాగాలకు, ఉపకరణాలకు కూడా 5 శాతమే. అంటే 5,040 బదులు 1,400. వీల్‌చైర్ కోసమే చేసిన కుషన్ అని కంపెనీ కాగితం చూపించి, తేడా 3,640కి క్రెడిట్ నోట్, అంటే ఎక్కువ వేసింది తగ్గిస్తూ ఇచ్చే కాగితం, అడగండి. మిగతావి కొనేటప్పుడు ఒక్కో వస్తువూ విడిగా రాయించండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరిన ఖర్చుకే, ఇంట్లో వాడే పరికరాలకు కావు.

పదకొండేళ్ల కుర్చీ, చిత్తూరు:
మాస్టారూ, బిల్లు ఎక్కడికీ పోదు. ఆ మచ్చ పోయేదాకా అబ్బాయిని కూర్చోబెట్టకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చర్మం చిట్లితే డాక్టరు దగ్గరికే. గాలి కుషన్ కొన్నవాళ్లు చాలామంది దాన్ని ఫుట్‌బాల్‌లా బిగించి ఊదుతారు. అప్పుడది స్పాంజి కన్నా నయం కాదు. మనిషి కూర్చున్నాక కింద చెయ్యి దూర్చండి. ఎముకకూ కుర్చీ అడుగుకూ మధ్య అర అంగుళం నుంచి అంగుళం గాలి ఉండాలి. అంతకన్నా ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఇంకో మాట. తిరుమలకు తీసుకెళితే కొండ ఎక్కాక ఒకసారి, దిగాక ఒకసారి చూడండి. ఎత్తుకు పోతే లోపలి గాలి ఉబ్బుతుంది. నేను దర్శనం క్యూలో తెలుసుకున్నాను ఈ సంగతి.

పన్ను కాగితాలు:
ఆదాయపు పన్ను పాత విధానంలో కడుతుంటే, వికలాంగులైన ఇంటివాళ్లను పోషించేవారికి 1961 చట్టం 80డీడీ సెక్షన్‌లో ఉన్న తగ్గింపు వదలకండి సార్. వైకల్యం 80 శాతం, ఆపైన ఉన్న కొడుకు మీ మీద ఆధారపడి ఉంటే, ఖర్చు తక్కువైనా 1,25,000 తగ్గింపు. వైకల్యం ఉన్నవారికే ఇచ్చే 80యూ తగ్గింపును అబ్బాయి తన పేరున వాడుకుంటే మాత్రం మీకు రాదు.

లెక్కల మాస్టారు, తిరుపతి:
9404 అనే ఉంది. ‘అందరికీ ఇలాగే వేస్తాం సార్’ అన్నాడు దుకాణం అబ్బాయి. అందరికీ తప్పే వేస్తున్నారన్నమాట. కంపెనీ కాగితం ముందు పెడితే ఆడిటర్‌ను అడిగి సోమవారం చెబుతానన్నాడు. చిత్తూరు మిత్రమా, చెయ్యి పెట్టి చూడటానికి వాణ్ణి ఒక్క నిమిషం కూర్చోబెట్టాం, కుషన్ ఫుట్‌బాలే. మూత తిప్పి కొంచెం కొంచెంగా గాలి వదిలాను. ఇప్పుడు నా రెండు వేళ్లు పడుతున్నాయి. వాణ్ణి మళ్లీ పడుకోబెట్టేశాం. మచ్చను ఈ పొద్దున నొక్కితే కాస్త తెల్లబడింది.