రాత్రి బండి మీద తిరిగేవాళ్లు జేబులో చాకు ఉంచుకోవాలా? ఉంచుకుంటే ఏది?

మందుల బండి (రాయగడ):
అందరికీ నమస్కారం. నేను పార్వతీపురం నుంచి రాయగడ, గుణుపూర్ వైపు మెడికల్ షాపులకు మందులు వేస్తాను. ఇల్లు రాయగడలోనే. సాయంత్రం వసూళ్లు చూసుకుని తిరిగొచ్చేసరికి చీకటి పడిపోతుంది. కొమరాడ దాటాక కూనేరు వరకు కొన్ని చోట్ల ఒక్క లైటూ ఉండదు. ఈమధ్య మా లైన్లో తిరిగే ఒకతన్ని ఇద్దరు బండి అడ్డం పెట్టి ఆపి బ్యాగు లాక్కుపోయారు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. బావమరిది బటన్ చాకు తెచ్చిస్తానంటున్నాడు, నాన్న వద్దంటున్నారు. అట్టపెట్టెలు కోయడానికి, తాళ్లు తెంపడానికి నాకు ఎలాగూ ఒక చాకు కావాలి. అదే ఆపదలో కూడా పనికొచ్చేలా ఏది కొనమంటారు? వాడినవాళ్లు చెప్పండి.

జేకేపూర్ వాసి:
కొనుక్కో తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది? పోలీసులు వచ్చేసరికి దొంగ కొండ దాటిపోతాడు. ఇక్కడ సంతకు దిగే మనిషి భుజాన టంగియా, అదే గొడ్డలి, వేసుకునే వస్తాడు, ఎవరూ ఏమీ అనరు. నీ జేబులో నాలుగంగుళాల చాకు ఉంటే తప్పేంటి? రెండు చేతులతో తెరవాల్సినది మాత్రం కొనకు. బావమరిది చెప్పిన బటన్ చాకే మంచిది, నొక్కగానే తెరుచుకుంటుంది.

జైపూర్ హార్డ్‌వేర్:
మాది హార్డ్‌వేర్ షాపు. చాకులు అమ్ముకునేవాణ్ని, వద్దంటే నష్టం నాకే. అయినా చెప్తాను. పని కోసం చాకు కొనండి, దొంగ కోసం కొనకండి.

ముందు పని సంగతి. అట్టపెట్టె, ప్లాస్టిక్ పట్టీ, పురికొస కోయడానికి మూడంగుళాల బ్లేడు చాలు. మడత చాకుల్లో మన దగ్గర కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి స్ప్రింగు బిగువు మీదే తెరుచుకుని నిలబడేది. విక్టోరినాక్స్ చిన్న సైజులు చాలావరకు ఇలాంటివే. దీనికి లాక్ ఉండదు, మొనతో గుచ్చితే వెనక్కి మడుచుకుని మీ వేళ్ల మీదే పడుతుంది. రెండోదానికి పిడి లోపల ఒక రేకు ఉంటుంది. తెరవగానే అది పక్కకు జరిగి బ్లేడు వెనక అడ్డుపడుతుంది. పట్టు బాగుంటుంది గానీ, మూసేటప్పుడు ఆ రేకును నొక్కే బొటనవేలు సరిగ్గా బ్లేడు వచ్చే దారిలో ఉంటుంది. రేకు జరగ్గానే వేలు తీసేసి, ఆ తర్వాతే మడవాలి. మూడోది ఒపినెల్. ఫ్రాన్సులో 1890 నుంచి చేస్తున్నారు. మెడ దగ్గర తిప్పే లాక్ రింగు 1955లో వచ్చింది. నాకు చాలా ఇష్టమైన చాకు, కానీ పిడి చెక్కది. మన వానలకు చెక్క ఉబ్బిందంటే బ్లేడు బయటికి రాదు.

కార్బన్ స్టీలుకు సానరాయి మీద పదును త్వరగా వస్తుంది. అయితే నిమ్మకాయ కోసి తుడవకుండా పెడితే మచ్చ పడుతుంది, చెమట జేబులో తుప్పు పడుతుంది. రోజంతా బండి మీద ఉండే మీకు స్టెయిన్‌లెస్సే నయం. సంతల్లో కమ్మరులు లారీ కమాను పట్టీలతో చేసే కత్తులు గట్టివే, పెరట్లో వాడుకోవడానికి. జేబులో పెట్టుకోవడానికి కాదు. నన్నడిగితే మీ పనికి ఇవేవీ వద్దు, స్టేషనరీ షాపులో దొరికే కట్టర్ చాలు. మొద్దుబారిన ముక్క విరిచేసి బ్లేడు ముందుకు జరుపుకోవడమే.

ఇక దొంగ సంగతి. ఎడమ చెయ్యి క్లచ్ మీద, కుడి చెయ్యి బ్రేకు మీద ఉంటాయి. పైన జర్కిన్, దాని కింద ప్యాంటు జేబు. బండి మీద కూర్చుంటే ఆ జేబు తొడ మడతలో బిగుసుకుపోతుంది. షాపు కట్టేశాక బండికి స్టాండు వేసి, హెల్మెటూ గ్లవుజులూ పెట్టుకుని కూర్చుని, జేబులోంచి మూసిన చాకు తీసి చూడండి. బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో మీకే తెలుస్తుంది. బటన్ ఉంటే తెరవడం తేలికవుతుంది గానీ, జేబులోంచి తీయడం తేలికవదు. పైగా భయంతో వేళ్లు వణికేటప్పుడు ఇలాంటి చిన్న పనులే ముందు చేతకాకుండా పోతాయి. ఎదుటివాడి చేతిలో కర్ర ఉందనుకోండి, చాకు తగిలేంత దగ్గరికి మీరే వెళ్లాలి. అన్నట్టు, ఆ దారిలో ఒడిశా కొండల నుంచి దిగిన ఏనుగులు కూడా తిరుగుతున్నాయి. చీకట్లో వెళ్లకుండా ఉండడానికి అదొక్కటి చాలు.

పర్లాకిమిడి సిస్టర్:
నేను స్టాఫ్ నర్సుని. మడత చాకు పిడికి ముందు అడ్డం ఉండదు. గట్టిగా పొడిచినప్పుడు మొన ఎముకకో బెల్టు బకిల్‌కో తగిలి ఆగిపోతుంది, చెయ్యి మాత్రం ఆగదు, జారి పదును మీదికి వెళ్తుంది. అలాగే ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. గాయం చూస్తే చిన్నదే, చూపుడు వేలి మొదట్లో గీసినట్టు ఉంది. రక్తం దాదాపు ఆగిపోయింది. కుట్లు వేయించుకుని ఇంటికి వెళ్లిపోదామనే ధీమాతో ఉన్నాడు. డాక్టరుగారు వేళ్లు మడవమన్నారు. మిగతావన్నీ మడిచాడు, ఆ వేలు మాత్రం నిటారుగానే ఉండిపోయింది. రెండో చేత్తో దాన్ని వంచి చూసుకున్నాడు, వదలగానే మళ్లీ లేచింది. లోపల టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపి వేలిని మడిచే తాడులాంటిది, తెగిపోయింది. దానికి ఆపరేషన్, ఆ తర్వాత వారాల తరబడి స్ప్లింటు, ఫిజియోథెరపీ. బండి మీద బతికేవాడికి ఆ వేలే బ్రేకు పట్టేది.

అవతలివాడి సంగతి కూడా చెప్పాలి. "ఊరికే భయపెట్టడానికి కొంచెం గుచ్చుతాను" అనుకుంటారు. తొడలోనో మెడలోనో పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. కొలత పెట్టుకుని పొడవడం ఎవరివల్లా కాదు. ఎవరికైనా కత్తి గుచ్చుకుని ఉంటే దాన్ని లాగకండి. చుట్టూ గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకుని 108కి ఫోన్ చేయండి.

గుణుపూర్ టీచర్:
మీరందరూ బ్యాగు గురించే మాట్లాడుతున్నారు. బ్యాగు ఇచ్చేసి ప్రాణం దక్కించుకోమంటే నేనూ ఒప్పుకుంటాను. నేను రాత్రి ట్యూషన్ సెంటర్ మూసి ఒక్కదాన్నే నడిచి ఇంటికి వస్తాను. నాకు అడ్డొచ్చేవాడు బ్యాగు కోసం రాకపోతే? వాడికి ఏమిచ్చి వదిలించుకోమంటారు? 112కి చేస్తాను, సరే. వాళ్లు వచ్చేదాకా ఆ కొన్ని నిమిషాలు నేనేం చేయాలి? చాకు ప్రమాదమని సిస్టర్ చెప్పింది నిజమే. చేతిలో ఏమీ లేకపోవడం కూడా ప్రమాదమే కదా. ఆ ప్రమాదం గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు.

జేకేపూర్ వాసి:
అమ్మా, నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.

బరంపురం వకీలు:
చట్టం సంగతి చెప్తాను, రెండు వైపులవారికీ కావాలి.

ఆయుధాల చట్టం 1959 కింద వచ్చిన 2016 నిబంధనల్లో, 9 అంగుళాలకు మించి పొడవు లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల పట్టికలో ఉన్నాయి. ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవి అందులోకి రావు. సంతకు వచ్చే మనిషి టంగియా పనిముట్టు, అందుకే దాన్ని మీ బటన్ చాకుతో పోల్చకూడదు. 9 అంగుళాల లోపు అయితే ఎక్కడైనా చెల్లుతుందని కూడా అనుకోకండి. ఢిల్లీలో 1980 నోటిఫికేషన్ ప్రకారం 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు మించి ఉన్న బటన్ చాకు పట్టుబడినా కేసే. సిరొంచ, గడ్చిరోలి వైపువారు ఇంకో విషయం గుర్తుంచుకోండి. మహారాష్ట్ర పోలీసు చట్టం 37వ సెక్షన్ కింద కలెక్టరు ఉత్తర్వు ఇచ్చినప్పుడు కర్ర పట్టుకుని తిరగడం కూడా నిషేధంలోకి రావచ్చు.

మన సరిహద్దులో అసలు చిక్కు గంజాయి తనిఖీలు. చెక్‌పోస్టులో బ్యాగు విప్పిస్తారు. మందుల పెట్టెల మధ్య కట్టర్ ఉంటే ఎవరూ ఏమీ అడగరు. బటన్ చాకు ఉంటే ఎందుకని అడుగుతారు. "దొంగలొస్తే పొడవడానికి" అన్న జవాబు మీకే ఎదురు తిరుగుతుంది.

టీచరుగారికి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ నుంచి మొదలవుతుంది. 38వ సెక్షన్ చదవండి. చావు, తీవ్రమైన గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటి భయం న్యాయంగా కలిగినప్పుడు, ఎదుటివాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుంది. దోపిడీ కూడా 41లో ఉంది. వీటన్నిటి మీదా 37వ సెక్షన్ హద్దు ఉంటుంది, రక్షణకు అవసరమైనంత మించి హాని చేయకూడదు. బ్యాగు లాక్కుని పారిపోతున్నవాణ్ని వెంటపడి వెనక నుంచి పొడిస్తే ఈ రక్షణ దొరకడం కష్టం. ఆత్మరక్షణ కోసమే చేశానని కోర్టులో చూపించుకోవాల్సిన భారం కూడా మీదే.

జైపూర్ హార్డ్‌వేర్:
టీచరుగారు అడిగింది సరైన ప్రశ్న. చాకు అవతలివాడిని అందుకోవాలంటే వాడి చెయ్యి మిమ్మల్ని అందుకునేంత దగ్గర ఉండాలి. పెప్పర్ స్ప్రే అయితే కొన్ని అడుగుల దూరం నుంచే పనిచేస్తుంది. వాడికి కళ్లు కనపడకుండా పోతే మీకు పరుగెత్తడానికి సమయం దొరుకుతుంది. బ్యాగు అడుగున కాదు, నడిచేటప్పుడు చేతిలోనే ఉంచుకోండి. ఎదురుగాలి ఉంటే మీ కళ్లలోనే పడుతుంది, కాబట్టి ముందే బయట ఒకసారి కొట్టి చూసుకోండి. డబ్బా మీద గడువు తేదీ చూసి కొనండి, గడువు దాటితే లోపలి ప్రెజర్ తగ్గిపోతుంది. దాంతోపాటు గట్టి విజిలు ఒకటి.

మందుల బండి (రాయగడ):
అందరికీ థాంక్స్. హార్డ్‌వేర్ అన్న చెప్పినట్టు గ్లవుజులతో జేబులోంచి తీసి చూశాను, ఆ మాట నిజమే. కట్టర్ కొన్నాను. రాయగడ, గుణుపూర్ షాపులవాళ్లను వసూళ్లు ఫోన్‌పేలో వేయమని అడిగాను, చాలామంది సరే అన్నారు. మిగతా నగదు పార్వతీపురంలోనే బ్యాంకు మిషన్లో వేసి బయల్దేరతాను. కొమరాడ నుంచి ఇంకో ఇద్దరు సప్లైవాళ్లతో కలిసి వస్తున్నాను.

గుణుపూర్ టీచర్:
తమ్ముడూ, నీ సమస్య తీరినందుకు సంతోషం. మా వీధికి తోడు వచ్చే సప్లైవాళ్లు ఎవరూ లేరు. స్ప్రే తెప్పించుకుంటాను, చేతిలో పట్టుకునే నడుస్తాను. బ్యాగులో పళ్లు కోసుకునే చాకు మాత్రం తీయను. వీధి చివర లైటు కోసం మున్సిపాలిటీలో అర్జీ ఇచ్చాను. గుణుపూర్‌వాళ్లు ఎవరైనా ఉంటే దాని మీద సంతకాలు చేయడానికి రండి, ట్యూషన్ సెంటర్లోనే పెట్టాను.