షాంపూ ప్యాకెట్ల చెత్తకు ఎవరు పూచీ: అమ్మే కొట్టువాళ్లా, తయారుచేసే కంపెనీలా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం:
తెల్లవారుజామున నాగావళి గట్టు మీద నడిచేటప్పుడు చెత్త ఏరుకునే ఒకావిడ కనిపిస్తుంటుంది. నీళ్ల సీసాలు, పాల కవర్లు సంచిలో వేసుకుంటుంది గానీ చిప్స్ కవర్లను, షాంపూ ప్యాకెట్లను ముట్టుకోదు. అడిగితే, లోపల వెండి రంగు పొర ఉన్నవాటిని తుక్కు కొట్లో కొనరని చెప్పింది. పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటంతో విడదీయడం గిట్టుబాటు కాదు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, రీసైక్లింగ్‌కు పనికిరాని ఈ బహుళపొరల ప్యాకింగును రెండేళ్లలో మాన్పించాలన్నాయి. సరిగ్గా గడువు తీరే 2018లో ఆ వాక్యాన్నే సవరించి, మండించి శక్తి తీయడానికో, మరో పనికో పనికొచ్చేదైతే ఉండవచ్చన్నారు. సిమెంటు బట్టీలో మండని ప్లాస్టిక్ ఎక్కడుంది? ఆ సవరణతో ఊపిరి పీల్చుకున్నవి కంపెనీలు. నిబంధనలు రాసేవారి దగ్గరకు వాటి సంఘాలు వెళ్లగలవు, గట్టు మీది ఆవిడ వెళ్లలేదు.

కిరాణా వర్తకుడు, విజయనగరం:
మాస్టారూ, మీ ఆవేదన న్యాయమైనదే. అయితే మా కొట్టు గుమ్మానికి వేలాడే షాంపూ దండలోంచి, కూలి పని ముగించుకుని వచ్చినవాళ్లు ఒక్కొక్క ప్యాకెట్ తుంచుకుని వెళ్తారు. వాళ్లను సీసా కొనుక్కోమని ఎలా చెప్పను? కంపెనీలు అడిగినవన్నీ నెరవేరుతున్నాయని కూడా అనలేం. 2022లో పానీయాల చిన్న డబ్బాలకు అతికించే ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధాన్ని వాయిదా వేయమని అమూల్ ప్రధాని కార్యాలయానికే లేఖ రాసినా, జులై 1న నిషేధం అమలైంది. నన్ను బాధించేది వేరు. 120 మైక్రాన్ల కంటే పలచని సంచి దొరికితే జరిమానా కట్టేది నేను. ప్యాకెట్ మీద పేరు అచ్చేసుకున్న కంపెనీని ఈ ఊళ్లో అడిగేవారు లేరు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
స్ట్రాల సంగతి మీరే గుర్తుచేశారు కనుక అంటున్నాను, గడువు సడలించకపోతే కంపెనీలు ప్లాస్టిక్‌కు బదులు వేరే దారి వెతుక్కుంటాయి. 2022 ఫిబ్రవరి మార్గదర్శకాల ప్రకారం అవి మార్కెట్లోకి వదిలిన ప్లాస్టిక్‌కు లెక్క చెప్పాలి, కానీ ఆ లెక్కను రీసైక్లింగ్ చేసేవారి నుంచి సర్టిఫికెట్లు కొని తీర్చుకోవచ్చు. ఎక్కడో రీసైక్లింగ్ జరిగినట్టు కాగితం ఉంటే చాలు, నాగావళి గట్టున పడి ఉన్న ప్యాకెట్ ఎవరిదీ కాకుండా పోతుంది. పైగా 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలో దాదాపు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. తమిళనాడులోని నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చినవారికి తిరిగి ఇస్తున్నారు. ప్యాకెట్‌కు అంత డిపాజిట్ పెట్టలేం, నాలుగు పైసల కోసం ఎవరూ వెనక్కి తేరు. అందుకే ఏరి తెచ్చినవారికి కిలోకు ఇంతని కంపెనీయే ఈ ఊళ్లోనే చెల్లించాలి. పాల కవర్లకు వచ్చే ధరే వీటికీ వస్తే ఆవిడ ఒక్కటి కూడా వదలదు.

కిరాణా వర్తకుడు:
దానికి నేను ఒప్పుకుంటాను, కొట్టు ముందు సంచి కూడా కడతాను. సరుకు దింపి వెళ్లే ఏజెన్సీ వ్యాను, తిరుగు ప్రయాణంలో ఆ సంచిని తూచి తీసుకెళ్లాలని మాత్రం నిబంధనలో రాయించాలి. ఇప్పుడు ఎలాగూ ఖాళీగానే వెళ్తోంది.