స్పీడోమీటర్ ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడిపోతోంది, మీటరే మార్చాలా?

రాజోలు నుంచి:
అందరికీ నమస్కారమండి. మాది 2004 మోడల్ పెట్రోల్ కారు, కేబుల్ రకం కాదు, గేర్‌బాక్స్ మీద సెన్సార్ ఉంటుంది. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు పోతుంటే ముల్లు పడిపోతుంది, కాసేపటికి తనే లేస్తుంది. వాన రోజైతే అసలు లేవదు. ముల్లు పడ్డప్పుడు కిలోమీటర్ల అంకెలూ ఆగిపోతున్నాయి. మెకానిక్ మీటర్ మొత్తం మార్చాలంటున్నాడు, ఖర్చు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

భీమవరం నుంచి:
అప్పుడే మీటర్ జోలికి వెళ్ళకండి. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే ఆగితే మీటర్‌ని అనుమానించొచ్చు, రెండూ కలిసి ఆగాయంటే ముందు సిగ్నల్ వస్తోందా లేదా చూడాలి. సెన్సార్‌కి మూడు వైర్లుంటే మామూలుగా ఒకటి సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ఏది ఏదో మీ మోడల్ వైరింగ్ బొమ్మలో చూసుకోండి, రంగుల్ని నమ్మొద్దు. వెనక చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపండి. ఇంజన్ ఆపేసి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, ప్లగ్ ఊడదీయకుండా వెనక నుంచి మల్టీమీటర్ తగిలించి చక్రాన్ని చేత్తో తిప్పండి. సిగ్నల్ వైర్ మీద వోల్టేజ్ పైకీ కిందికీ మారాలి. గబగబా తిప్పితే మల్టీమీటర్ మధ్యలో ఏదో అంకె చూపిస్తుంది, అందుకని నెమ్మదిగా.

అమలాపురం నుంచి:
ఆయ్, అదే పద్ధతండి. కాకపోతే ఎర్త్ కూడా చూడండి, మన సముద్రపు గాలికి పిన్నులు పచ్చగా చిలుము పట్టేస్తాయి. ఇంకో మాట, వైరుకి సూది గుచ్చి మాత్రం చూడొద్దు. ఆ బెజ్జంలోంచి తేమ దిగిందంటే రాగి లోపల్లోపలే తినేస్తుంది, పైకి ఏమీ కనపడదు.

రాజోలు నుంచి:
చూశానండి. సెన్సార్ దగ్గర సున్నాకీ 5 వోల్టులకీ మధ్య బాగానే మారుతోంది, ఎర్త్ కూడా బాగుంది. మీటర్ వెనక ప్లగ్ దగ్గర మాత్రం చలనం లేదు.

భీమవరం నుంచి:
అయితే సెన్సార్ మంచిదే, మీటర్‌ని కూడా ఇప్పుడే తప్పు పట్టలేం. బ్యాటరీ కనెక్షన్ తీసి, రెండు ప్లగ్‌లూ ఊడదీసి, మధ్యలో ఉన్న ఆ సిగ్నల్ వైరుని ఈ కొస నుంచి ఆ కొసకి మల్టీమీటర్‌తో ఓమ్స్‌లో (తెగిందా లేదా అని) చూడండి, చూస్తూనే వైరింగ్‌ని అక్కడక్కడా కదపండి. బ్యాటరీ ట్రే కింద, గేర్‌బాక్స్ దగ్గర వంపులో ముందు వెతకండి. కొన్ని బండ్లలో సిగ్నల్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) మీదుగా మీటర్‌కి వెళ్తుంది, మీది అలాంటిదైతే ఆ ప్లగ్ కూడా చూడాల్సిందే.