బోడెన్‌సే సరస్సు: పెద్దవాళ్ళతో రెండు రోజుల ప్రయాణం, వీసా సందేహం

ప్రశ్న:
నమస్కారమండీ. మేము స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాము. జూన్ చివర్లో మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. వారికి ఒక్కసారి ప్రవేశానికే అనుమతి ఉన్న షెంగెన్ వీసా (యూరప్‌లో ఉమ్మడి వీసా ఉన్న దేశాల కూటమిది) వచ్చింది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మధ్యనున్న బోడెన్‌సే సరస్సు చూపించాలనుకుంటున్నాము గానీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ ఒడ్డున దిగితే మళ్ళీ జర్మనీలోకి రానిస్తారా అన్నది మొదటి సందేహం. నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కోటలూ చర్చిలకన్నా రైన్ నది సరస్సులో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ బయటికి వెళుతుందో చూడాలని ఆయన కోరిక. అమ్మ మోకాళ్ళ నొప్పులతో ఎక్కువ నడవలేరు. మాకు కారు లేదు. రెండు రోజుల్లో సరస్సు చుట్టి రాగలమా?

మొదటి సమాధానం:
వీసా గురించి దిగులు పడనక్కరలేదండీ. మూడు దేశాలూ షెంగెన్‌లోనివే కనుక వాటి మధ్య ఎన్నిసార్లు తిరిగినా అది కొత్త ప్రవేశం కిందికి రాదు. అయితే రైళ్ళలో పోలీసులు పత్రాలు అడుగుతున్నారు కాబట్టి పాస్‌పోర్టులు అసలువే దగ్గర ఉంచుకోండి, ఫొటోకాపీలు చాలవు.

సరస్సు చుట్టి రావాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. తీరం పొడవు 273 కిలోమీటర్లు. పెద్దవాళ్ళకు మిగిలేది రైళ్ళు మారిన అలసటే. నాన్నగారి కోరిక ప్రకారం ఒక రోజు తూర్పు కొసకు, మరో రోజు పడమటి కొసకు కేటాయించండి.

మొదటి రోజు ఉల్మ్, ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ మీదుగా లిండావ్ చేరండి. అక్కడ రెండు స్టేషన్లున్నాయి. ద్వీపం మీది పాత ఊరికి ఇన్‌సెల్ స్టేషన్‌లోనే దిగాలి, రేవు ఆ పక్కనే. అక్కడి నుంచి ఆస్ట్రియాలోని బ్రెగెంజ్ రైల్లో కొద్ది నిమిషాల దూరం. ఊరి వెనుక 1,064 మీటర్ల ఎత్తున్న ప్ఫెండర్ కొండకు రోప్‌వే ఉంది కనుక అమ్మగారికి ఇబ్బంది ఉండదు. ఏటా కొన్ని రోజులు మరమ్మతులకు ఆపుతారు, బయలుదేరే ముందు చూసుకోండి. పైనుంచి చూస్తే రైన్ నది హార్డ్, ఫుసాఖ్ ఊళ్ళ మధ్య సరస్సులో కలిసే చోటు, నదికి రెండు వైపులా సరస్సులోకి చాలా దూరం పొడిగించిన కరకట్టలు కనిపిస్తాయి. నది తెచ్చే ఒండ్రు ఒడ్డు దగ్గరే పేరుకుని వరదలు రాకుండా, దాన్ని లోతు నీటిలోకి నెట్టడానికి ఆ ఏర్పాటు. నదిని ఈ దారికి మళ్ళించింది 1900లో. జూన్‌లో మంచు కరిగి వచ్చే చల్లని బురదనీరు సరస్సు నీటికన్నా బరువుగా ఉండి అడుగుకు దిగిపోతుంది. ఆ చోట బూడిదరంగు నీరు హఠాత్తుగా మాయమైనట్టు కనిపించే గీత మీ నాన్నగారికి కోటలన్నిటికన్నా నచ్చుతుందని నా నమ్మకం. సరస్సుకు వచ్చే నీటిలో సగానికి పైగా ఈ ఒక్క నదిదే. బ్రెగెంజర్ ఆఖ్, ఆర్గెన్, షుస్సెన్ వంటి నదులు దాని తరువాతే. బయటికి వెళ్ళే చోట మన ప్రకాశం బ్యారేజీలా గేట్లేమీ లేవని కూడా ఆయనకు చెప్పండి. అందుకే చలికాలానికీ వేసవికీ నీటిమట్టం సుమారు ఒకటిన్నర మీటర్లు మారుతుంది.

రెండో సమాధానం:
పై సలహాకు రెండు మాటలు కలుపుతాను. రెండో రోజు ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ నుంచి మేయర్స్‌బుర్గ్‌కు బస్సులోనే వెళ్ళాలి, ఆ ఊరికి రైలు లేదు. అక్కడి నుంచి పడమటి కొసనున్న జర్మన్ ఊరు కాన్‌స్టాన్స్‌కు కార్లు ఎక్కించే ఫెర్రీ పావుగంటలో చేరుస్తుంది గానీ అది ఊరి మధ్యకు పోదు, దిగాక మళ్ళీ సిటీ బస్సు ఎక్కాలి. అమ్మగారి కోసం పాత ఊరి రేవుకే వెళ్ళే ప్రయాణికుల పడవ చూసుకోండి. కాన్‌స్టాన్స్‌ను ఆనుకునే స్విస్ పట్టణం క్రోయిట్స్‌లింగెన్ ఉంది. ఫోన్ స్విస్ నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది, జర్మన్ ఒడ్డున ఉన్నా సరే. కాబట్టి రోమింగ్ ఆపి ఉంచండి.

అడిగినవారు:
చాలా ధన్యవాదాలండీ. పడవ ఎక్కితే నీళ్ళ మీద ఏ దేశంలో ఉన్నట్టు అని నాన్నగారు అడుగుతున్నారు. నది బయటికి వెళ్ళే చోటు చూడటానికి ఏ ఊరు మంచిది?

మొదటి సమాధానమిచ్చినవారు:
సరస్సులోని పెద్ద భాగం మధ్యలో సరిహద్దు గీతపై మూడు దేశాలకూ ఒప్పందమే లేదండీ. మధ్యగీతే హద్దని స్విట్జర్లాండ్ అంటుంది. 25 మీటర్ల లోతు దాటాక నీరు ముగ్గురి ఉమ్మడి అని ఆస్ట్రియా అంటుంది. జర్మనీ స్పష్టంగా ఏదీ చెప్పలేదు. చేపల వేటకూ పడవలకూ విడిగా ఒప్పందాలున్నాయి కనుక గొడవలు తక్కువ.

నది కాన్‌స్టాన్స్ వంతెన కింద ఒకసారి ఇరుకై సరస్సులోని చిన్న భాగంలోకి వెళ్ళి, స్టైన్ ఆమ్ రైన్ అనే స్విస్ ఊరి దగ్గర అసలుగా బయటపడుతుంది. మీకు ఓపిక ఉంటే అక్కడి దాకా పడవలో వెళ్ళండి, లేకపోతే వంతెన చాలు. తిరుగు ప్రయాణానికి జింగెన్ మీదుగా వెళ్ళే రైలు ఎక్కితే దారిలో ట్యుట్లింగెన్ వస్తుంది. దానికి దగ్గరలోని ఇమ్మెండింగెన్ వద్ద డాన్యూబ్ నది నీరు సున్నపురాతి నేలలోకి ఇంకి, సుమారు 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ అనే ఊరి దగ్గర ఊటగా పైకి వచ్చి, రాడోల్ఫ్‌జెల్లర్ ఆఖ్ నదిగా ఇదే సరస్సులో కలుస్తుంది. వేసవిలో అక్కడ డాన్యూబ్ చాలా రోజులు పూర్తిగా ఎండిపోతుంది. అమ్మగారికి నడక కష్టం కాబట్టి దిగవద్దు. రైలు ట్యుట్లింగెన్ చేరకముందే నాన్నగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.